నేటాలు సీమలో జాన్ రంగయ్య

పరదేశములనుండి మన దేశమునకు బోధకులు వచ్చి, బడులను, వైద్యశాలలను నెలకొల్పిన సంగతి అందఱును ఎఱిగినదే. కాని తెలుగునాట పుట్టి పెరిగిన ఒక బోధకుడు సముద్రము దాటి ఆఫ్రికా ఖండమునకు పోయి, చెఱకు తోటలలోను, తేయాకు తోటలలోను కూలిపని చేయుచుండిన తెలుగువారికి పండ్రెండేండ్లు సేవచేసి, ఆ సీమయందే తన పనిని ముగించెను. ఆయన పేరు జాన్ రంగయ్య. తెలుగు బాప్తిస్టు సంఘములలోను, దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తెలుగువారి కుటుంబములలోను ఆ పేరు నేటికిని గౌరవముతో స్మరింపబడుచున్నది.

రంగయ్య 1866వ సంవత్సరమున జన్మించెను. నెల్లూరు అప్పటికే అమెరికను బాప్తిస్టు మిషనుకు కేంద్రముగా నుండెను. సామ్యూల్ డే అను బోధకుడు 1840లో అచ్చట నివాసమేర్పఱచుకొని పని ప్రారంభించెను. చాలకాలము ఆ ప్రయత్నమునకు ఫలితము స్వల్పముగనే కనబడెను. అమెరికాలోని వారు ఆ పనిని మానివేయుదుమా యని పలుమాఱు చర్చించుకొనిరి. అట్టి తొలి దినములలో సంఘమున చేరిన కొలదిమంది తెలుగువారిలో రంగయ్య తలిదండ్రులు ఒకరు. ఆయన పుట్టిన సంవత్సరముననే జాన్ క్లౌ అను బోధకుడు నెల్లూరు విడిచి ఒంగోలునకు పోయి అచ్చట క్రొత్త కేంద్రమును స్థాపించెను. బాలుడైన రంగయ్య మిషను నీడన పెరిగి, విద్య నేర్చెను.

రంగయ్య పండ్రెండేండ్ల వయస్సునకు వచ్చునప్పటికి దేశమున గొప్ప సంఘటనలు జరిగెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణ భారతమును ఘోరమైన కఱవు పీడించెను. గ్రామములకు గ్రామములే పాడువడెను. ఆ సమయమున క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. కఱవు తీఱిన తరువాత, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటి యొడ్డున ఒక్క దినమునందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కురు తరతరములుగా ఊరికి వెలుపల బ్రదుకుచుండిన పేదలు. వారు క్రమముగా బడులు కట్టుకొని, సంఘములు ఏర్పఱచుకొని, తమ కానుకలతో తమ బోధకులను పోషించుకొనుట నేర్చిరి. ఆ సంఘముల ప్రయత్నము వలననే తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషనరీ సంఘము వెలసెను.

ఇంక సముద్రమున కావలి కథను చెప్పవలసియున్నది. ఆఫ్రికా ఖండపు ఆగ్నేయ తీరమున నేటాలు అను సీమ కలదు. ఆంగ్లేయులు అచ్చట చెఱకు తోటలు వేసిరి. ఆ దేశీయులైన జూలూలు తమ పొలములను, పశువులను విడిచి తోటలలో కూలికి వచ్చుట కిష్టపడలేదు. అందుచే తోటల యజమానులు భారతదేశమునుండి కూలీలను రప్పింపదలచిరి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ 342 మందితో చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వఱకు ఓడ వెనుక ఓడగా 1,52,184 మంది భారతీయులు నేటాలు చేరిరి. వారిలో చాలమంది చెన్నపట్టణపు రేవున ఎక్కినవారు. నెల్లూరు, గోదావరి, విశాఖపట్టణము, గంజాము, చిత్తూరు ప్రాంతముల తెలుగువారు వారిలో పెక్కురుండిరి.

ఓడ ఎక్కుటకు ముందు కూలీ ఒక ఒడంబడికపై వ్రేలిముద్ర వేయవలెను. దానినే జనులు గిర్మిటు అనిరి. ఐదు సంవత్సరములు నియమింపబడిన యజమానియొద్దనే పనిచేయవలెను. మొదటి యేట నెలకు పది షిల్లింగుల కూలి. ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చును. స్త్రీలకు అందులో సగమే. బియ్యము, పప్పు, నూనె, ఉప్పు కొలిచి యిత్తురు. బియ్యమునకు మాఱుగా కొంత మొక్కజొన్నపిండి ఇచ్చుటయు కలదు. యజమాని వ్రాసియిచ్చిన చీటి లేనిదే తోట విడిచి పోరాదు. పనికి రాకున్నచో న్యాయస్థానములో శిక్ష పడును. ప్రతి మనిషికిని ఒక సంఖ్య ఉండును. ఊరిలో తండ్రి పేరుతోను, ఇంటి పేరుతోను పిలువబడిన మనుష్యుడు అచ్చటి పుస్తకములలో ఒక సంఖ్యగా మాఱిపోయెను.

ఇట్లు పోయినవారిలో నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టులును కలరు. వారు తమతో తెలుగు బైబిలును, పాటల పుస్తకములను తీసికొనిపోయిరి. కాని వారికి కాపరి లేడు. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పువారు లేరు. తమ భాషయందు బోధించు నొకరిని పంపవలసినదని వారు స్వదేశములోని సంఘములను కోరిరి. ఆ కోరికను వినిన సంఘములు మిక్కిలి పేదవి. తమ ఊళ్లలోని బోధకులకే జీతములు చాలీచాలక ఇచ్చుచుండినవి. సముద్రము దాటి ఒక కుటుంబమును పంపుట వానికి శక్తికి మించిన భారము. అయినను ఆ బిడ్డలు తమవారే యను భావముతో స్వదేశ మిషనరీ సంఘము ఆ భారమును తలకెత్తుకొనెను. అందుకు పోవుటకు సిద్ధపడినవాడు జాన్ రంగయ్య.

అప్పటి కాయనకు నలువది యేండ్లు నిండలేదు. భార్య కనకమ్మ, బిడ్డలు కలరు. స్వదేశమున గౌరవముగా బ్రదుకుటకు తగిన విద్య కలదు. నేటాలునుండి వచ్చుచుండిన వార్తలు ఆశ గొలుపునవి కావు. కూలీలు తప్పనిసరియై పోవు సీమకు తన యిష్టముచేత పోవుట లోకుల దృష్టిలో తెలివితక్కువ పని. కాని ఆయన వెనుదీయలేదు. 1903వ సంవత్సరమున రంగయ్య కుటుంబము నేటాలు చేరెను. అంతవఱకు పరదేశ బోధకులను స్వీకరించుచు వచ్చిన తెలుగు సంఘములు ఆ యేట తామే పరదేశమునకు బోధకుని పంపినవి. ఇది చరిత్రలో గమనింపదగిన మార్పు.

డర్బను పట్టణమునకు ఉత్తరముగా, సముద్రతీరము వెంబడి చెఱకు తోటలు మైళ్ల కొలది వ్యాపించియున్నవి. ఆ దారిలో స్టాంజరు అను ఊరు కలదు. అది పూర్వము జూలూ రాజైన షాకా రాజధాని. 2006లో దానికి తిరిగి క్వాడుకూజా యను పూర్వపు పేరు పెట్టబడినది. ఆ ఊరికి సమీపమున, కొండదిన్నెల మీద కీర్స్నీ అను తోట యుండెను. దాని యజమాని సర్ జేమ్స్ లీజ్ హ్యూలెట్. కాఫీ తోటలు తెగులువలన పాడైపోగా ఆయన 1877లో అస్సాము విత్తనములు తెప్పించి తేయాకు నాటెను. అది నేటాలులో పేరుగాంచిన తేయాకు తోట యయ్యెను. అచ్చట తెలుగు కూలీలు అధికముగా నుండిరి. రంగయ్య ఆ కీర్స్నీయందే తన పనిని ప్రారంభించెను.

ఆ తోటలలో దినచర్య యెట్లుండెనో తెలిసికొన్నగాని రంగయ్య జీవితము మనకు బోధపడదు. తెల్లవాఱకముందే గంట మ్రోగును. సర్దారు వరుసలలో నిలువబెట్టి లెక్క చూచుకొనును. పురుషులు చెఱకు నఱకుటకో, నేల త్రవ్వుటకో పోవుదురు. స్త్రీలు బుట్టలు వీపున వ్రేలాడగట్టుకొని తేయాకు కోయుదురు. ప్రొద్దు గ్రుంకువఱకు పని. నివాసములు వరుసగా కట్టిన యిఱుకు గదులు, పైన ఇనుపరేకులు. వేసవిలో అవి నిప్పులు చెఱగును, చలికాలమున వణకించును. ఒక్క ఆదివారమే విశ్రాంతి దినము.

కాబట్టి బోధకుని పగలు ఒక విధముగను, రాత్రి ఒక విధముగను గడువవలసియుండెను. పెద్దలు పనిలో నుండునప్పుడు ఆయన పిల్లలను, రోగులను, ముసలివారిని చూడవలెను. కూలీలు తిరిగి వచ్చి, పొయ్యి రాజేసి, నాలుగు మెతుకులు తిన్న తరువాత దీపపు వెలుతురున ప్రార్థన జరుపవలెను. దినమంతయు ఎండలో ఒడలు విఱుచుకొన్నవారిని రాత్రి మేలుకొలిపి యుంచుట సులభము కాదు. దీర్ఘోపన్యాసములు అచ్చట పనికిరావు. నెమ్మది మాట, ఎఱిగిన పాట, ఇంటి సంగతుల విచారణ — ఇవియే వారికి బలమిచ్చునవి.

చదువురానివారికి బోధకుడే లేఖకుడు. ఊరినుండి వచ్చిన ఉత్తరమును చదివి చెప్పవలెను, జవాబు వ్రాయవలెను. వివాహములు జరుపవలెను. శిశువులకు పేర్లు పెట్టవలెను. మరణించినవారిని మట్టిచేయునప్పుడు తెలుగులో నాలుగు మాటలు పలుకవలెను. స్వదేశమున బంధువులెల్లరు కూడి చేయు కార్యములన్నిటికిని అచ్చట ఆ ఒక్క కుటుంబమే పెద్దదిక్కు. జూలూ, ఇంగ్లీషు మాటలు కలగలిసిన తోటభాషలో దినమంతయు అదలింపులు వినువానికి, సాయంకాలమున తన తల్లి మాటలాడిన భాషలో తన పేరు వినబడుటయే గొప్ప ఊరట.

కనకమ్మ భర్తకు సమానముగా ఈ భారమును మోసెను. తోటలలో స్త్రీల సంఖ్య పురుషులకంటె చాల తక్కువ. వారి కష్టములు పురుషునితో చెప్పుకొనదగినవి కావు. ఆమె వారి నడుమ మెలగుచు, వారికి బోధించుచు, స్త్రీల పనికి ఆధారముగా నిలిచెను. పరాయి సీమలో ఇల్లు నడపుట, బిడ్డలను పెంచుట, వచ్చినవారికి అన్నము పెట్టుట — చరిత్ర గ్రంథములు వ్రాయని ఈ పనులు లేకున్నచో రంగయ్య చేసిన పనులేవియు సాగియుండవు.

1903 డిసెంబరు 27వ తేదీ ఆదివారము. మన దేశమున చలి దినములు. అచ్చట మండు వేసవి. క్రిస్మసు గడచి రెండు దినములైనది. ఆ దినమున కీర్స్నీలో మొదటి భారతీయ తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను. సంఘసభ్యులు కూలివారే. ఆ సంఘమున వారు సంఖ్యలు కారు. పేర్లు గల సభ్యులు. అందఱు కూడి నిర్ణయములు చేయుట, లెక్కలు చూచుకొనుట, కానుక కూర్చుట బాప్తిస్టు సంఘముల పద్ధతి. తోటలో నోరు మెదపుటకు వీలులేని మనుష్యుడు సంఘమున లేచి తన యభిప్రాయమును చెప్పగలిగెను. నెలకు పది పండ్రెండు షిల్లింగుల కూలిలో నుండి కొంత తీసి కానుకగా నిచ్చుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అయినను తమ గుడిని తామే నిలుపుకొనవలెనను పట్టుదల వారియందు పెరిగెను.

కీర్స్నీతో రంగయ్య పని ఆగలేదు. తెలుగు కుటుంబములు తీరమంతట చెదరియుండెను. స్టాంజరు, డార్నల్, అమటికులు మున్నగు తోటల ఊళ్లకును, డర్బను పట్టణమునకును, దూరమున బొగ్గు గనులున్న డండీకిని ఆ పని వ్యాపించెను. తోటలు ఒకదానికొకటి దూరము. కూలీలు చీటి లేక కదలరాదు కనుక, వారు బోధకునియొద్దకు వచ్చుట కంటె బోధకుడే వారియొద్దకు పోవలసియుండెను. కొంత రైలులోను, కొంత కాలినడకను, చెఱకు చేల నడుమ ఎఱ్ఱమట్టి దారుల వెంట పోవలెను. వర్షకాలమున ఏఱులు పొంగును. తోటలో అడుగు పెట్టుటకు యజమాని సమ్మతి కావలెను.

మఱియొక కష్టము కూడ కలదు. రంగయ్య గిర్మిటు కూలీ కాడు, చదువుకొన్న బోధకుడు. కాని నేటాలు చట్టములు భారతీయులందఱిని తక్కువగనే చూచెను. 1896లో భారతీయులకు శాసనసభా ఎన్నికలలో వోటు లేకుండ చేసిరి. రాత్రి తొమ్మిది గంటల తరువాత పట్టణ వీథులలో చీటి లేక తిరుగు భారతీయుని పట్టుకొనుటకు అధికారము కలదు. దేవుని యెదుట మనుష్యులందఱు సమానులని బోధించువాడు, ఆ సమానత్వమును అంగీకరింపని చట్టముల క్రిందనే దినదినము నడువవలసివచ్చెను. ఆయన వినువారికిని ఈ వైరుధ్యము తెలియకపోలేదు.

అన్నిటికంటె కఠినమైనది మూడు పౌనుల పన్ను. 1895 శాసనము ననుసరించి, ఐదేండ్ల గడువు తీఱిన కూలీ మరల ఒడంబడిక వ్రాయవలెను. లేదా స్వదేశమునకు పోవలెను. ఈ రెండును కాక స్వేచ్ఛగా నుండదలచినచో ఏటేట మూడు పౌనులు చెల్లింపవలెను. 1903లో, అనగా రంగయ్య చేరిన సంవత్సరముననే, పదునాఱేండ్లు దాటిన మగపిల్లలకును, పదుమూడేండ్లు దాటిన ఆడపిల్లలకును ఆ పన్నును వర్తింపజేసిరి. మూడు పౌనులనగా అఱువది షిల్లింగులు. మొదటియేటి కూలివాని ఆఱు నెలల సంపాదన. భార్యాభర్తలు, ఎదిగిన బిడ్డలిద్దఱు గల యింటికి ఏటికి పండ్రెండు పౌనులు. అందుచే చాలమంది స్వేచ్ఛను కోరియు మరల తోటకే కట్టువడిరి. పన్ను కట్టలేక జైలునకు పోయినవారును కలరు. రంగయ్య సంఘముల సభ్యులు ఈ జనులలోనివారే. తండ్రి మరల ఐదేండ్లకు వ్రేలిముద్ర వేసినచో బిడ్డ బడి మానును; కుటుంబము ఇంకొక తోటకు తరలినచో సంఘమున కొక దీపము తగ్గును.

1913లో గాంధీ మహాత్ముని నాయకత్వమున ఈ పన్నునకు విరోధముగా గొప్ప సమ్మె జరిగెను. బొగ్గు గనులలో ప్రారంభమై, నవంబరు మాసమున అది చెఱకు తోటలకు ప్రాకెను. రంగయ్య తిరుగాడిన ఉత్తర తీరమునందును వేలమంది పనిముట్లు క్రింద పెట్టిరి. కొందఱు తుపాకి గుండ్లకు బలియైరి. తుదకు 1914లో ప్రభుత్వము ఆ పన్నును రద్దుచేసెను. అంతకు మూడేండ్ల ముందే, 1911 జూలైలో, నేటాలునకు కూలీలను పంపుటను భారత ప్రభుత్వము మాన్పించియుండెను. అనగా క్రొత్త ఓడలు రావు. స్వదేశమునుండి క్రొత్తవారు రారు. ఇంక నేటాలులోని తెలుగువారు అచ్చటనే వేళ్లూని, తమ కాళ్లపై తాము నిలువవలసినవారైరి.

ఈ మార్పునకు తగిన యేర్పాటు కూడ 1914లోనే జరిగెను. చెదరియున్న సంఘములను ఒక్కచోట చేర్చి రంగయ్య నేటాలు భారతీయ బాప్తిస్టు సమాజమును ఏర్పఱచెను. స్వదేశపు సహాయముపై సదా ఆధారపడక, అచ్చటి సంఘములు ఒకదానికొకటి తోడుగా నుండవలెనని దాని యుద్దేశము. మరుసటి సంవత్సరమే, అనగా 1915లో, రంగయ్య మరణించెను. ఆయన జీవించినది నలువదితొమ్మిది యేండ్లు మాత్రమే. అందు పండ్రెండేండ్లు నేటాలు తోటలకు ధారపోసెను.

ఆయన తరువాత ఆ సంఘములు రెండు సమాజములుగా పెరిగెను. నేడు దక్షిణాఫ్రికా బాప్తిస్టు అసోసియేషను, దక్షిణాఫ్రికా బాప్తిస్టు మిషను అను పేర్లతో అవి పని చేయుచున్నవి. తెలుగు కూలీల మనుమలు, మునిమనుమలు ఉపాధ్యాయులై, వైద్యులై, న్యాయవాదులై వర్ధిల్లిరి. కాలక్రమమున వారి యిండ్లలో తెలుగు తగ్గి ఇంగ్లీషు హెచ్చెను. భాషను నిలుపుకొనవలెనని 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపింపబడెను. అందు వేర్వేరు మతములవారి ఆరాధనము వేఱైనను, తెలుగు నిలువవలెనను కోరిక మాత్రము ఒక్కటియే. 1996లో దక్షిణాఫ్రికా వ్రాసికొన్న రాజ్యాంగమునందు, గౌరవించి పెంపొందింపవలసిన భాషలలో ఒకటిగా తెలుగు పేరు చేర్పబడినది. ఒకప్పుడు వ్రేలిముద్రలు వేసిన చేతులు మోసికొనిపోయిన భాషకు ఆ దేశపు మూలశాసనమున చోటు దొరకినది.

బాలలారా! రంగయ్య రాజ్యములు గెలువలేదు, ధనము కూర్పలేదు. తనవారు కష్టములలో నున్నారని విని, వారియొద్దకు పోయి, వారి నడుమ నివసించెను. వారి ఉత్తరములు చదువువాడు, వారి బిడ్డలకు అక్షరములు దిద్దించువాడు, వారిని పేరు పెట్టి పిలుచువాడు ఒకడు కలడను ధైర్యమును వారికి కలిగించెను. ఆయనను పంపిన సంఘములవారును పేదలే. తమకు మిగిలినది కాక, తమకు చాలనిదానినుండియే తీసి వారు దూరదేశపు సోదరులకు పంపిరి. ఎవరి మతము ఏదైనను, ఇట్టివారి చరిత్రము మనకు ఒక విషయమును తెలుపుచున్నది. ఆపదలో నున్నవారిని ఆదుకొనుటకు ముందుగా కావలసినది సంపద కాదు. వారిని తనవారుగా నెంచగల మనస్సు.